తూకం గడి ఖాళీగా ఉన్న కాగితం

రియో ఒలింపిక్స్ జరుగుతున్న ఆగస్టులో ఒక మధ్యాహ్నం, కువైట్‌లో, అబ్బాసియాలో మేం భోంచేసే మెస్సులో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. తుపాకీ పోటీలో కువైట్ మనిషి ఒకాయన బంగారు పతకం గెలిచాడు. ముందురోజు జరిగినదాన్ని మళ్ళీ చూపిస్తున్నారు. ఆయన మెట్టెక్కి నిలబడ్డాడు. పైకి వెళ్ళింది మాత్రం కువైట్ జెండా కాదు, ఐదు వలయాల తెల్లజెండా. ఆ ఏడు కువైట్ ఒలింపిక్ కమిటీని లెక్కలోంచి పక్కన పెట్టారు. ఇక్కడి ఆటగాళ్ళు దేశం పేరు లేకుండానే ఆడాలి.

నా పక్కన సాంబారన్నం తింటున్న డ్రైవర్ చెయ్యి ఆపాడు. ఈ మనిషికీ నాకూ చుట్టరికం లేదు. కోనసీమలో మా ఊళ్ళు పక్కపక్కన కావడంతో ఒకే గదిలో పాతికేళ్ళుగా బావా అంటే బావా అనుకుంటున్నాం.

"గెలిసింది ఈయన. జెండా మరెవరిది బావా?"

"ఎవరిదీ కాదు. అందరిదీ."

"అందరిదీ అంటే ఎవరిదీ కానట్టేగా. మన ముసలాయనుంటే ఇడమరిచి చెప్పేవోడు."

ముసలాయన అన్నది లాట్వియా నుంచి వచ్చిన ఒక కోచ్ గురించి. నా చేతి పొరపాటు ఒకటి ఆయన జీవితంలో మూడు వారాలు తిష్ఠ వేసింది. అది రాయాలని అప్పుడే అనుకున్నాను.

నాకు లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కల పిచ్చి మాత్రం అంతకుముందే పట్టుకుంది. మా ఊళ్ళో పార్టీ ఆఫీసుకు ఒక చదువుకునే గది ఉండేది. సోవియట్ దేశం నుంచి తెలుగులో అచ్చయి వచ్చే రంగుల పత్రికలు అక్కడ పోగుపడేవి. కాగితం నున్నగా, మందంగా ఉండేది. బడిపిల్లలందరి పుస్తకాలకూ అట్టలు అవే. నా సాంఘికశాస్త్రానికి ట్రాక్టరు, లెక్కల పుస్తకానికి ఎత్తు దూకుతున్న అమ్మాయి. మాస్కో ఒలింపిక్స్ నాటికి నాకు పన్నెండేళ్ళు. పేపర్లో వచ్చే పతకాల పట్టికను రోజూ నోటుపుస్తకం చివరి పేజీలో ఎక్కించేవాణ్ణి. ఆఖరికి సోవియట్ గడిలో ఎనభై బంగారాలు తేలాయి. మనకు హాకీది ఒక్కటి. జనాభాతో భాగించి చూశాను, ఒకటికి రెండుసార్లు. భాగహారం సరిగ్గానే వచ్చింది. ఆ ఒక్క గడిలో ఎన్ని దేశాలు ఉన్నాయో మాత్రం నాకు తెలియదు. చెప్పేవాళ్ళూ లేరు.

గల్ఫ్ యుద్ధం అయిపోయిన మరుసటేడు కువైట్ వచ్చాను. అమ్ఘరాలో పాత ఇనుము యార్డు. అప్పట్లో కాలిన కార్లు, విరిగిన బస్సులు, ఎక్కడెక్కడివో రేకులు కొండల్లా పడి ఉండేవి. మొదటి రెండేళ్ళు కోసే పని. తరవాత లెక్క తప్పడని నన్ను కాటా దగ్గర నిలబెట్టారు. లారీలకు పెద్ద కాటా, రాగీ ఇత్తడీ తూచడానికి చిన్న కాటా. చిన్నది ఎలక్ట్రానిక్‌ది, రెండేసి గ్రాముల మెట్టుతో నడిచేది. ఏడాదికోసారి ప్రభుత్వ మనుషులు వచ్చి సీలు వేసి వెళ్ళేవాళ్ళు. దానిమీద ఈగ వాలినా తెలుస్తుందని మా ముదీర్, అంటే యార్డు మేనేజరు, గొప్పలు చెప్పేవాడు. ఈగ వాలితే తెలియదు. నేను చూశాను.

మా యార్డు పద్ధతులు రెండు చెప్పాలి. ఒకటి, ఏ వస్తువు వచ్చినా విడదీసి తూచాలి. కుళాయి వస్తే ఇత్తడి ఇత్తడిలోకి, లోపలి స్క్రూ ఇనుములోకి. కలిపి తూచడం దొంగపని కింద లెక్క. రెండు, కిలోకు లోపు ఇనుము చీటీ మీద రాయకూడదు. కొత్తలో నేను ఎనిమిది వందల గ్రాముల మేకులు రాస్తే ముదీర్ చీటీ చింపేసి, "కిలో లోపు ఇనుమా? ఖలాస్, రాయకు. సిరా దండగ" అన్నాడు. ఏళ్ళ తరబడి అలా చేసేసరికి ఆ రెండు పద్ధతులూ నా చేతుల్లోకి దిగిపోయాయి. బుద్ధితో పని లేకుండా చేతులే చేసేసేవి.

డ్రైవర్ బావ ఒక స్పోర్ట్స్ క్లబ్బు మినీబస్సు నడిపేవాడు. తొంభైల చివర ఒక గురువారం మధ్యాహ్నం ఆ బస్సు మా గేటు లోపలికి వచ్చింది. బావ దిగాడు, వెనకాలే అరవై దాటిన తెల్లాయన ఒకాయన. భుజాలు తలుపంత వెడల్పు, నడక మాత్రం మోకాళ్ళ నొప్పుల మనిషిది. చేతిలో గోనెసంచి.

"బావా, ఈయన మా కెప్టెన్ గారు" అన్నాడు బావ. క్లబ్బులో పిల్లలు కోచ్‌ను అలాగే పిలుస్తారు. "ఏదో తూపించుకోవాలంట. క్లబ్బులో కాటా ఉంది గదండీ అంటే, అక్కడొద్దంటాడు. నువ్వు తూచితే ఇంక తిరుగుండదని నేనే చెప్పాను. నా పరువు తీకు."

కోచ్ సంచి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది, నాదీ అంతే. మధ్యలో అరబ్బీ మాటలు ఇద్దరినీ ఆదుకునేవి.

"నువ్వు తూచు, కాగితం మీద రాయి. నేను చూడను" అన్నాడు.

వెళ్ళి గేటు దగ్గర మాకు వీపు పెట్టి, జహ్రా వైపు పోయే లారీలను చూస్తూ నిలబడ్డాడు.

సంచిలో ఉన్నది హ్యామర్. పేరుకు సుత్తి గానీ సుత్తిలా ఉండదు. తాటికాయ కంటే చిన్న లోహపు గుండు, దానికి ఒక తీగ, తీగ చివర పట్టుకునే పిడి. పిడి పట్టుకుని గిరగిరా తిరిగి విసురుతారు. నేను అలాంటిది చూడడం అదే మొదలు. గుండు పైన ఇత్తడి, గోటితో కొట్టి వింటే లోపల సీసం. తీగ ఇనుము, పిడి ఇనుము. చేతులు వాటి పని అవి చేశాయి. కొక్కెం విప్పి గుండును కాటా మీద పెట్టాను: 6.994. తీసి పక్కన పెట్టి, తీగా పిడీ పెట్టాను: 0.268. కిలో లోపు ఇనుము. చీటీ మీద 'ఇత్తడి, సీసంతో 6.994' అని రాసి సంతకం చేసి ముద్ర కొట్టాను. మళ్ళీ అన్నీ బిగించాను, అంతకుముందున్నదానికంటే గట్టిగా. అందుకు లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

కోచ్ చీటీ తీసుకున్నాడు. చూశాడు. పెదవులు కదిలాయి, లెక్కేసుకుంటున్నాడని తెలిసింది.

"రెండు వందల అరవై ఆరు" అన్నాడు. "తక్కువ."

"దేనికి తక్కువ?"

ఆయన చీటీ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, "ఖలాస్" అని బస్సెక్కాడు.

ఆ సాయంత్రం గదిలో వంట చేసుకుంటూ బావను అడిగాను, దేనికి తక్కువ అని. రెండు వందల అరవై ఆరు అనే సంఖ్య నన్ను గోకుతోంది. ఏడు కిలోల దగ్గర చిల్లర సంఖ్య ఏదో ఒకటి ఉండి ఉండాలి.

"నాకేం తెలుసు. బస్సులో నోరిప్పలేదు. దిగేటప్పుడు మాత్రం పోస్టాఫీసు కాడ ఆపమన్నాడు."

తరవాతి రెండు వారాల్లో బావ దారిలో కూపీ లాగి, రోజుకో ముక్క మోసుకొచ్చేవాడు. నేను ఎందుకు, ఎలా అని మళ్ళీ ప్రశ్నలిచ్చి పంపేవాణ్ణి. "నేను డ్రైవర్నా, నీ పోస్టుమేన్నా" అని విసుక్కుంటూనే అడిగి వచ్చేవాడు. అలా పోగైన కథ ఇది.

లాట్వియాకు ఒకప్పుడు సొంత ఒలింపిక్ కమిటీ ఉండేది. 1936 దాకా వాళ్ళ ఆటగాళ్ళు వాళ్ళ జెండా వెనక నడిచారు, పతకాలు తెచ్చారు. 1940లో సోవియట్ సైన్యం వచ్చింది. కమిటీ లేదన్నారు. ఆ రోజుల ఆటగాళ్ళలో కొందరు దేశం దాటిపోయారు, కొందరిని తీసుకుపోయారు. పాత పతకాల గురించి బళ్ళో ఎవరూ చెప్పేవాళ్ళు కాదట. ఆ తరవాత లాట్వియా మనిషి ఏం గెలిచినా సోవియట్ గడిలోకే. నేను నోటుపుస్తకంలో ఎక్కించిన ఆ ఎనభైలో వాళ్ళవి ఎన్నో, ఎంత భాగించినా నాకు వచ్చేది కాదు.

ఈయన ఇంకా హ్యామర్ విసిరే రోజుల్లో ఒక చిన్న ఊళ్ళో ఆదివారం పోటీ జరిగింది. ఆ రోజు ఈయన విసిరిన దూరం లాట్వియాలో అప్పటిదాకా ఎవరూ విసరనిది. ఆ దూరం నాకు తెలుసు. ఇక్కడ రాస్తే ఆయనెవరో ఎవరైనా పట్టుకోవచ్చు, అందుకని రాయను. ఆ వారంలోనే స్వీడన్‌లో ఉన్న ఆయన మేనమామ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పైవాళ్ళు దాన్ని ముందే విప్పి చదివారు. బయటిదేశంలో చుట్టాలున్నవాణ్ణి నమ్మరు కాబట్టి ఈయన పేరు జట్టు జాబితాలోంచి పోయింది, ఆ పోటీ కాగితం రాజధానికి వెళ్ళనే లేదు. పోటీకి జడ్జిగా ఉన్న ముసలాయన మాత్రం, సొంత జెండా రోజుల్లో ఒలింపిక్స్‌కు వెళ్ళి వచ్చినవాడు, ఆ కాగితాన్నీ హ్యామర్‌నూ ఈయన చేతిలో పెట్టి దాచుకోమన్నాడు. ఎప్పటికైనా అడిగేవాళ్ళు వస్తారన్నాడు.

కాగితం మీద దూరం ఉంది. హ్యామర్ పొడవు ఉంది. తూకం గడి ఖాళీ. ఆ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కాటా పాలకేంద్రంలో ఉండేదట. ఆదివారం పాలకేంద్రానికి తాళం.

ఎనభైల చివర వాళ్ళ కమిటీని మళ్ళీ నిలబెట్టుకున్నారు. 1992లో పాత సోవియట్ దేశాల వాళ్ళు చాలామంది ఐదు వలయాల జెండా వెనక ఒకే జట్టుగా నడిస్తే, లాట్వియా వాళ్ళు తమ జెండాతో విడిగా నడిచారు. కోచ్ అది కువైట్‌లో టీవీలో చూశాడు. అక్కడ కోచ్‌ల జీతాలు ఆగిపోవడంతో అప్పటికే ఇక్కడికి వచ్చేశాడు. ఇప్పుడు వాళ్ళు పాత లెక్కలన్నీ సరిచేసి తమ దేశపు ఉత్తమ ఫలితాల పుస్తకం ఒకటి అచ్చు వేస్తున్నారు. దాన్ని తయారుచేస్తున్నది ఈయనతో పాటు హ్యామర్ విసిరిన స్నేహితుడే. ఆయన రాశాడు: నీ కాగితం కాపీ అందింది. తూకం రాసి లేదు. హ్యామర్ నిండు తూకం ఉందని నువ్వొక్క మాట రాస్తే చాలు, మాకు ఆ మాట సరిపోతుంది.

"మరి రాసెయ్యొచ్చుగా?" అని బావ అడిగాడట.

కోచ్ చెప్పిన జవాబును బావ నాకు రెండుసార్లు చెప్పాడు. ఆ కాలానికి జాబితాలో ఇప్పుడు మొదట ఉన్న పేరు ఆ స్నేహితుడిదే. "నా మాట మీద అతను కిందికి దిగుతాడు. తెలియని మాట చెప్పి ఒకణ్ణి ఎలా దించను?" ముప్పై ఏళ్ళు ఆ హ్యామర్‌ను సాధనకు వాడుకున్నాడు గానీ ఒక్కసారీ తూచలేదు. తక్కువ వస్తుందేమోనని భయం. నిండు తూకం ఎంత ఉండాలంటే ఏడు కిలోల రెండు వందల అరవై గ్రాములు.

7.260లోంచి 6.994 తీసేస్తే 0.266. నన్ను గోకిన సంఖ్య అదీ.

"పోస్టాఫీసు కాడ ఆపమన్నది ఎందుకంటే, నీ చీటీ చూశాక ఉత్తరం రాసేశాడు బావా" అన్నాడు డ్రైవర్. "తూకం తక్కువొచ్చింది, నా పేరు తీసెయ్యండీ అని. అంత దూరం ఎల్లిందంటే తేలిగ్గా ఉండబట్టేనేమో అంటన్నాడు పాపం."

నాకు బాధ కలిగింది గానీ, కాటా తప్పు చెప్పదు కదా అనుకున్నాను. ఒక్క కోరిక మాత్రం మిగిలింది, అసలు ఆ వస్తువును ఎలా విసురుతారో చూడాలని. మూడో శుక్రవారం క్లబ్బు మైదానంలో పోటీలున్నాయంటే బావ బస్సులో వెళ్ళాను.

వల కట్టిన చోటికి కాస్త ఇవతల ఒక బల్ల, దానిమీద కాటా. ఏ కాటా కనిపించినా నా కాళ్ళు అటే పోతాయి. ఒక అధికారి పోటీకి తెచ్చిన హ్యామర్లను ఒక్కొక్కటే తూచి రంగుచుక్క పెడుతున్నాడు. గుండు పెట్టి, దాని మీద తీగను చుట్టలా చుట్టి, పైన పిడి పెట్టి, మొత్తం ఒకేసారి తూచాడు. రెండోదీ అలాగే. మూడోదీ అలాగే.

నేను దగ్గరకు వెళ్ళి అడిగాను. "సార్, తీగ విప్పి తూచరా?"

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "తీగ లేకుండా విసురుతారా?"

నేను జేబులోంచి పెన్ను తీశాను. 0.268. చీటీ మీద రాయలేదు గానీ ఆ సంఖ్య పోలేదు, కంటితో చూసిన సంఖ్యలు నాకు పోవు. కలిపితే 7.262. రెండు గ్రాములు పైన. అరచేతిలో పెన్నుతో మళ్ళీ కలిపాను. మళ్ళీ అంతే వచ్చింది.

కోచ్ వల దగ్గర తన శిష్యుల పక్కన నిలబడి ఉన్నాడు. పోటీ నడుస్తోంది, మధ్యలో వెళ్ళడానికి లేదు. మనిషికి ఆరు విసుర్లు, ముగ్గురు శిష్యులు. పద్దెనిమిది విసుర్లు లెక్కపెట్టాను. ఒక్కదాని దూరమూ నాకు గుర్తులేదు. నా జీవితంలో అలా ఎప్పుడూ జరగలేదు.

అయిపోయాక ఎదురు వెళ్ళి అరచెయ్యి చూపించాను. నేనేం చేశానో, ఎందుకలా చేశానో, మా యార్డు పద్ధతి ఏమిటో అంతా చెప్పాను. ఆయన వింటూ వింటూ బల్ల మీద కూర్చున్నాడు. నాకు తిట్లు పడతాయనుకున్నాను. పడాల్సినవే.

"కిలో లోపు ఇనుము రాయరు" అన్నాడు నెమ్మదిగా.

"రాయం, కెప్టెన్."

"సోవియట్ వాళ్ళు అన్నీ కలిపి తూచారు. మేం ఎక్కడున్నామో కనపడలేదు. నువ్వు విడదీసి తూచావు, ఇనుము రాయలేదు. ఇప్పుడూ కనపడలేదు." ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. "నాదీ తప్పే. కోచ్‌ని. గుండు ఎంత, మొత్తం ఎంత నాకు తెలియదా? ముప్పై ఏళ్ళు భయపడ్డాను, అందుకే కాగితం చూడగానే నమ్మేశాను."

"కాటాకే నాన్న, మా బావ" అన్నాడు డ్రైవర్ నన్ను చూపించి, తెలుగులోనే. కోచ్‌కు అర్థం కాకపోయినా తల ఊపాడు. ఆ రోజు నుంచి ఆయన నన్ను మిస్టర్ మీజాన్ అనేవాడు. మీజాన్ అంటే ఇక్కడి భాషలో కాటా.

మర్నాడు పొద్దున్నే యార్డుకు వచ్చాడు. ఈసారి వీపు తిప్పలేదు, కాటా అద్దం మీదికి వంగి చూశాడు. నేను ముందు ఖాళీ కాటాను చూపించాను, సున్నా. సీలు ఉన్న కిలో రాయి పెట్టి చూపించాను. తరవాత హ్యామర్‌ను తీగతో పిడితో కలిపి పెట్టాను. 7.262. తీసి మళ్ళీ పెట్టాను. మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అదే.

కోచ్ తీగ మీద వేలు పెట్టాడు. తనే అన్నాడు. "ఒకటి చెప్పాలి. తీగ పాతది కాదు. అది తెగిపోయింది. ఇది ఇక్కడ నేను వేసింది."

ముదీర్ దూరం నుంచి చూస్తున్నాడు, లారీ ఒకటి హారన్ కొడుతోంది. నా బుర్ర మాత్రం చాలా రోజుల తరవాత హాయిగా పరుగెత్తింది. పోయిన తీగ తూకాన్ని ఎలా పట్టుకోవాలి?

"పొడవు ఎంతుండేది?"

"కాగితం మీద ఉంది. ఇప్పుడూ అంతే. ఎప్పుడు తీగ మార్చినా ఆ పొడవుకే కడతాను."

"మందం?"

"తెలియదు. రూలు ప్రకారం మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సన్నమైతే తెగుతుంది, మనుషులు పోతారు. మా జడ్జి పొడవు కొలిచేటప్పుడు తీగను వేళ్ళతో నలిపి చూసేవాడు. సన్నమైతే విసరనిచ్చేవాడు కాదు."

నేను కాలిపర్ తెచ్చి ఇప్పటి తీగను మూడు చోట్ల కొలిచాను. మూడు మిల్లీమీటర్లు. ఉండదగ్గ తీగల్లో అన్నిటికంటే సన్నం ఇదే. పాతది ఇంతే ఉండాలి, లేకపోతే ఇంతకంటే లావుండాలి. పిడి పాతదే. గుండు పాతదే, మూడు దశాబ్దాలు నేలకు తగిలి అరిగింది తప్ప దానికి కొత్తగా చేరిందేమీ లేదు. ఇప్పుడు 7.262 ఉందంటే ఆ ఆదివారం అంతకంటే తక్కువ ఉండడానికి దారి లేదు.

ఇదంతా కింద దుమ్ములో పుల్లతో గీసి చెప్పాను. ఆయన ఒక్కో మెట్టు దగ్గరా ఆపి, "ఇది ఊహా, లెక్కా?" అని అడిగాడు. తీగ సన్నంగా లేదన్న దగ్గర మాత్రం నేను, "సగం లెక్క. సగం మీ జడ్జి వేళ్ళు" అన్నాను.

"అలాగే రాయి" అన్నాడు. "జడ్జి వేళ్ళు కూడా రాయి."

మా ముదీర్‌కు విషయం చెప్పి యార్డు ముద్ర అడిగితే, మొదట "ఇత్తడి కొన్నామా? అమ్మామా? మరెందుకు చీటీ?" అన్నాడు. తరవాత కోచ్ మొహం చూసి ముద్ర నా వైపు తోశాడు. నేను ఒక పేజీ నిండా రాశాను: ఏ కాటా, సీలు ఎప్పటిది, ఎన్నిసార్లు తూచాం, తీగ ఎందుకు కొత్తది, దాన్నిబట్టి ఏం తేలుతుంది, ఏం తేలదు. మొదటి చీటీలో నేను చేసిన తప్పు కూడా రాశాను, నా పద్ధతి వల్ల రెండు వందల అరవై ఎనిమిది గ్రాములు రాయకుండా వదిలేశానని. అబ్బాసియాలో ఫ్యాక్స్ షాపు మలయాళీ ఆ కాగితం పంపిస్తూ, "పాత ఇనుము యార్డు నుంచి ఒలింపిక్ కమిటీకా?" అని రెండుసార్లు చదువుకున్నాడు.

జవాబు రాలేదు. ఒక నెల పోయింది. బావ రోజూ మినీబస్సు అద్దంలో కోచ్ మొహం చూసి వచ్చి, "ఇవాళ కూడా లేదు బావా" అని చెప్పేవాడు. పుస్తకం అచ్చుకు వెళ్ళిపోయిందని మధ్యలో తెలిసింది. మొదటి ఉత్తరం అందింది, పేరు తీసేశారు, పేజీలు అచ్చయిపోయాయి. మా ఫ్యాక్స్ వెళ్ళేసరికి కట్టలు కట్టేస్తున్నారట. నాకు రాత్రి నిద్రలో కూడా 0.268 కనిపించేది. యార్డులో ఒకరోజు తొమ్మిది వందల గ్రాముల బోల్టులు వస్తే చీటీ మీద రాశాను. ముదీర్ చూశాడు. ఈసారి చింపలేదు.

చలికాలం మొదట్లో మినీబస్సు మళ్ళీ గేటు లోపలికి వచ్చింది. కోచ్ దిగి, గోధుమరంగు కవరులోంచి సన్నటి పుస్తకం తీశాడు. నాకు ఒక్క అక్షరం రాని భాష. అంకెలు మాత్రం అంకెలే. హ్యామర్ పేజీ తెరిచి నా చేతికిచ్చాడు.

పేజీ పైవరసలో చిన్న కాగితపు ముక్క అంటించి ఉంది. కొంచెం వంకరగా, ఒక మూల గమ్ము పొంగి ఎండిపోయింది. దానిమీద కోచ్ పేరు, ఆ ఆదివారపు దూరం, చివర్న చిన్న అక్షరాల్లో 7.262. నేను ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివాను. పుస్తకాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంటే ముక్క కింద అచ్చయిన వరస లీలగా కనిపించింది. వేరే పేరు, కొంచెం తక్కువ దూరం.

"ఇది ఆయనేనా? మీ స్నేహితుడు?"

"అతనే."

"ఎవరు అంటించారు, ప్రెస్సువాళ్ళా?"

"ప్రెస్సు డబ్బు అడిగింది. అతని దగ్గర లేదు." కోచ్ ఆ వంకర ముక్క మూలను బొటనవేలితో అదిమాడు. అది మళ్ళీ లేచింది. "కత్తెర, గమ్ము. వంటింటి బల్ల మీద కూర్చుని, ప్రతి పుస్తకంలోనూ అతనే అంటించాడు. రాశాడు నాకు. మీ కాటా మనిషి కాగితం బాగుంది, ముఖ్యంగా తన తప్పు రాసిన చోటు, అని."

డ్రైవర్ బావ కూడా పుస్తకం తీసుకుని ఎండకు పట్టి చూశాడు. "తన పేరు మీద తనే అంటించుకున్నాడా?" అన్నాడు. మళ్ళీ ఒకసారి చూశాడు. "అన్నిటిలోనూ?"

"అన్నిటిలోనూ."

తరవాత రెండేళ్ళకు కోచ్ ఒప్పందం ముగిసి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు హ్యామర్‌ను నాకిస్తానన్నాడు. వద్దన్నాను, మా యార్డులో అది ఒక్క రోజు కూడా ముక్కలు కాకుండా ఉండదు. మొదటి చీటీ మాత్రం, నాలుగు మడతలది, అడిగి తీసుకున్నాను. అది ఇప్పటికీ నా ఇఖామా, అంటే ఇక్కడి నివాస కార్డు, పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో ఉంది. 'ఇత్తడి, సీసంతో 6.994.' దాని కింద, ఖాళీగా వదిలేసిన వరసలో, 'ఇనుము 0.268' అని తరవాత నేనే వేరే సిరాతో రాసి సంతకం చేశాను.